ఇంగ్లండ్ రాజులకు అధికారం ఎలా వచ్చింది, మతాన్ని వాళ్లు ఎలా మార్చారు: తరచుగా అడిగే ప్రశ్నలు

"ఎనిమిదవ హెన్రీ విడాకుల కోసం పోప్‌తో తెగతెంపులు చేసుకున్నాడు." మన పాఠ్యపుస్తకాల్లో ఈ కథంతా ఈ ఒక్క వాక్యంతో అయిపోతుంది. చరిత్ర పాఠాలు చెప్పిన నాకు ఆ వాక్యం ఎప్పుడూ సరిపోలేదు. విద్యార్థులకూ సరిపోలేదు, అందుకే క్లాసు అయ్యాక కూడా వెంటపడి అడిగేవారు. వాళ్లు అడిగినవీ, చర్చిలో పెరిగిన స్నేహితులు, లండన్ వెళ్లొచ్చిన బంధువులు అడిగినవీ కలిపి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది.

రాజు కొడుకైతే చాలు, రాజైపోయేవాడా?

లేదు. వారసత్వం ఉండేది, కానీ చాలాసార్లు కర్ర ఉన్నవాడిదే బర్రె. 1066 జనవరిలో ఎడ్వర్డ్ రాజు పిల్లలు లేకుండా చనిపోయాడు. హెరాల్డ్ కిరీటం పెట్టుకున్నాడు. ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి విలియం ఓడల్లో వచ్చి, అక్టోబరు 14న హేస్టింగ్స్ దగ్గర హెరాల్డ్‌ను ఓడించి, అదే ఏడాది క్రిస్మస్ రోజున వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో పట్టాభిషేకం చేయించుకున్నాడు. 1399లో నాలుగవ హెన్రీ తన పెద్దనాన్న కొడుకైన రెండవ రిచర్డ్‌ను దించి రాజయ్యాడు. 1461లో మరో వంశం, 1485లో ఇంకో వంశం వచ్చాయి.

ఇలా కత్తితో కిరీటం తెచ్చుకున్నవాడికి ఒక భయం ఎప్పుడూ ఉంటుంది. నేను గుంజుకున్నట్టే రేపు ఇంకొకడు గుంజుకుంటే? ఆ భయానికి మందు చర్చి దగ్గర దొరికేది. ఆర్చిబిషప్ పవిత్ర తైలంతో అభిషేకం చేశాక, అతను దేవుడు ఎంచుకున్నవాడు. అతని మీద తిరగబడితే దేవుడి మీద తిరగబడ్డట్టే. అందుకే గెలిచిన ప్రతివాడూ ముందు అబ్బేకి పరుగెత్తాడు.

ఎనిమిదవ హెన్రీకి ముందు రాజులు పోప్ చెప్పినట్టల్లా వినేవారా?

వినేవారు కాదు, అలాగని పూర్తిగా కాదనగలిగేవారూ కాదు. ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇంగ్లండ్‌లో నాలుగైదు వందల ఏళ్లు ఇమిడాయి, కాకపోతే తరచూ గీసుకుంటూ ఉండేవి.

మతగురువులు నేరం చేస్తే ఎవరి కోర్టులో విచారించాలి అన్న గొడవలో రెండవ హెన్రీకీ, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌కూ చెడింది. 1170 డిసెంబరు 29న నలుగురు నైట్‌లు (రాజు యోధులు) బెకెట్‌ను ఆయన సొంత కేథడ్రల్‌లోనే నరికేశారు. 1174లో రాజు చెప్పుల్లేకుండా ఆ సమాధి దగ్గరికి నడిచివెళ్లి, అక్కడి సన్యాసుల చేత వీపు మీద దెబ్బలు తిన్నాడు. బతికుండగా రాజుకు అడ్డుపడిన మనిషి, చనిపోయాక రాజును మోకాళ్ల మీద నిలబెట్టాడు.

జాన్ రాజు సంగతి ఇంకా ఘోరం. ఆర్చిబిషప్‌గా ఎవరుండాలన్న విషయంలో మూడవ ఇన్నోసెంట్ పోప్‌తో పంతానికి పోయాడు. 1208 నుంచి ఆరేళ్లు ఇంగ్లండ్ చర్చిల్లో మామూలు ఆరాధనలు ఆగిపోయాయి. రాజును పోప్ వెలివేశాడు. చివరికి 1213లో జాన్ తన రాజ్యాన్నే పోప్‌కు అప్పగించి, తిరిగి సామంతుడిగా తీసుకుని, ఏటా 1,000 మార్కుల కప్పం కడతానన్నాడు. రెండేళ్ల తర్వాత వచ్చిన మాగ్నాకార్టాలో (రాజు అధికారానికి హద్దులు గీసిన పత్రం) మొదటి హామీయే "ఇంగ్లండ్ చర్చి స్వేచ్ఛగా ఉంటుంది" అని. ఆ మాగ్నాకార్టాను అదే ఏడాది రద్దు చేసింది కూడా పోపే, జాన్ అడిగితే.

ట్యూడర్లు ఎక్కడి నుంచి వచ్చారు?

1485 ఆగస్టు 22న బాస్‌వర్త్ యుద్ధంలో మూడవ రిచర్డ్‌ను చంపి హెన్రీ ట్యూడర్ ఏడవ హెన్రీ అయ్యాడు. (ఆ రిచర్డ్ ఎముకలు 2012లో లెస్టర్ ఊళ్లో ఒక కారు పార్కింగ్ కింద దొరికాయి.) తల్లి వైపు నుంచి వచ్చిన బలహీనమైన హక్కు తప్ప ఇతనికి వేరే ఆధారం లేదు. ఆ లోటు పూడ్చుకోవడానికి ఓడిన వంశపు ఆడపిల్ల ఎలిజబెత్‌ను 1486లో పెళ్లాడాడు. పెద్దకొడుకు ఆర్థర్‌కు స్పెయిన్ రాజకుమారి క్యాథరీన్‌నిచ్చి 1501లో పెళ్లి చేశాడు. ఐదు నెలలు తిరక్కుండానే ఆర్థర్ చనిపోయాడు. ఆ వితంతువును తమ్ముడికిచ్చి చేయడానికి రెండవ జూలియస్ పోప్ ప్రత్యేక అనుమతి ఇచ్చాడు. ఆ తమ్ముడే ఎనిమిదవ హెన్రీ. 1509లో రాజయ్యాడు, అదే ఏడాది పెళ్లి చేసుకున్నాడు. మిగతా కథంతా ఆ అనుమతి పత్రం చుట్టూ తిరుగుతుంది.

హెన్రీ నిజంగా విడాకుల కోసమే మతం మార్చాడా?

అతను అడిగింది విడాకులు కాదు. "ఈ పెళ్లి అసలు పెళ్లే కాదు, మొదటి నుంచీ చెల్లదు" అని తీర్పు కావాలన్నాడు. అన్న భార్యను చేసుకున్నవారు సంతానహీనులవుతారని లేవీయకాండములో ఉంది. క్యాథరీన్‌కు పుట్టిన పిల్లల్లో బతికింది 1516లో పుట్టిన మేరీ ఒక్కతే. దేవుడు తనను శిక్షిస్తున్నాడని హెన్రీ గట్టిగా నమ్మాడు. అదే బైబిల్లో ద్వితీయోపదేశకాండము మాత్రం అన్న పిల్లలు లేకుండా పోతే తమ్ముడు ఆమెను చేసుకోవాలంటుంది. యూరప్ విశ్వవిద్యాలయాల్లో పండితులు ఈ రెండు వచనాల మీద ఏళ్ల తరబడి వాదించుకున్నారు.

హెన్రీ రాణి చెలికత్తె అన్నె బోలీన్‌ను ప్రేమించాడు, అది నిజమే. కానీ దాంతో పాటు కొడుకు కావాలన్న తపనను కూడా అర్థం చేసుకోవాలి. తండ్రి యుద్ధంలో గెలుచుకున్న కిరీటం అది, యాభై ఏళ్లు కూడా నిండలేదు. అప్పటికి ఆడది రాజ్యమేలిన ఉదాహరణ ఇంగ్లండ్‌లో లేదు. 12వ శతాబ్దంలో మటిల్డా ప్రయత్నిస్తే దేశం ఏళ్ల తరబడి అంతర్యుద్ధంలో పడింది. కొడుకు లేకపోతే మళ్లీ నెత్తురు పారుతుందన్న టెన్షన్ రాజుకే కాదు, ఆస్థానం మొత్తానికీ ఉంది.

విచిత్రమేమిటంటే, పోప్‌ను అంతగా సమర్థించిన రాజు ఇంకొకరు లేరు. జర్మనీలో పోప్‌ను ఎదిరించిన లూథర్‌కు వ్యతిరేకంగా 1521లో పుస్తకం రాశాడు. మెచ్చి పదవ లియో పోప్ "విశ్వాస రక్షకుడు" అనే బిరుదు ఇచ్చాడు. మీ ఇంట్లో ఎవరైనా బ్రిటన్‌లో ఉంటే ఒక పౌండ్ నాణెం తెమ్మనండి. రాజు తల చుట్టూ ఉన్న అక్షరాల్లో చివర ఎఫ్, డి అని రెండు కనిపిస్తాయి. లాటిన్‌లో ఆ బిరుదుకు అవే పొడి అక్షరాలు. పోప్ ఇచ్చిన బిరుదును పోప్‌ను వదిలేసిన దేశం ఈ రోజుకీ నాణెం మీద అచ్చు వేస్తోంది.

పోప్ ఒప్పుకుని ఉంటే అయిపోయేది కదా? ఎందుకు ఒప్పుకోలేదు?

ఏడవ క్లెమెంట్ పోప్‌ది ముందు నుయ్యి, వెనుక గొయ్యి. 1527 మేలో ఐదవ చార్లెస్ చక్రవర్తి సైన్యం రోమ్‌ను దోచుకుంది, పోప్ బందీ అయ్యాడు. ఆ చార్లెస్ ఎవరు? క్యాథరీన్ అక్క కొడుకు. పిన్నిని వదిలించుకోవడానికి అనుమతి ఇస్తే చక్రవర్తి ఊరుకోడు, ఇవ్వకపోతే హెన్రీ ఊరుకోడు. పైగా ముందు పోప్ ఇచ్చిన అనుమతి తప్పని ఈ పోప్ అనాలి. ఆయన వాయిదాలు వేశాడు. 1529లో లండన్‌లో విచారణ మొదలైంది కానీ తీర్పు రాలేదు. ఆ పని చేయించలేకపోయిన మంత్రి వుల్సీ పదవి పోగొట్టుకుని మరుసటి ఏడాది చనిపోయాడు.

మరి పార్లమెంటు ఎందుకు వచ్చింది మధ్యలోకి?

నా దృష్టిలో ఈ కథ మొత్తంలో ముఖ్యమైన ప్రశ్న ఇదే, జనం తక్కువగా అడిగేదీ ఇదే.

హెన్రీ ఒక ఉత్తర్వు రాసి పడేసి ఉండొచ్చు. అలా చేయలేదు. 1531లో మతగురువుల సభను బెదిరించి లక్ష పౌండ్లు జరిమానాగా ఒప్పించి, తనను చర్చికి అధిపతిగా అంగీకరింపజేశాడు. "క్రీస్తు ధర్మం అనుమతించినంత మేరకు" అని వాళ్లు ఒక మాట చేర్చుకున్నారు, పాపం అదొక్కటే వాళ్లకు మిగిలిన ఆసరా. తర్వాత మంత్రి థామస్ క్రామ్‌వెల్ సలహాతో ఒక్కో మెట్టూ చట్టంగా మార్చాడు. 1533 చట్టం "ఈ ఇంగ్లండ్ రాజ్యం ఒక సామ్రాజ్యం" అంది, అంటే దీని మీద బయటివాడి అధికారం లేదని. దాంతో రోమ్‌కు అప్పీలు చేసుకునే దారి మూసుకుపోయింది. కొత్త ఆర్చిబిషప్ క్రాన్మర్ మే నెలలో పాత పెళ్లి చెల్లదన్నాడు. అన్నెకు జూన్ 1న పట్టాభిషేకం జరిగింది, సెప్టెంబరు 7న ఆడపిల్ల ఎలిజబెత్ పుట్టింది. 1534 చట్టంతో రాజు ఇంగ్లండ్ చర్చికి సర్వోన్నత శిరస్సు అయ్యాడు. అదే ఏడాది ఇంకో చట్టం వచ్చింది. రాజుకు ఆ బిరుదు లేదని దురుద్దేశంతో నోటితో అన్నా రాజద్రోహమే. మాజీ మంత్రి థామస్ మోర్, బిషప్ జాన్ ఫిషర్ ఆ లెక్కనే 1535లో తలలు పోగొట్టుకున్నారు.

ఆ రోజు పార్లమెంటు రాజు చేతిలో పనిముట్టు. కానీ దేశం ఏ దేవుణ్ణి ఎలా కొలవాలో చట్టసభ నిర్ణయించవచ్చు అని ఒప్పుకున్నాక, రేపు ఆ దేవుణ్ణి అలా కొలవని రాజును ఏం చేయాలో కూడా చట్టసభే నిర్ణయిస్తుంది. ఆ రేపు రావడానికి 155 ఏళ్లు పట్టింది. కింద 1688 దగ్గరికి వచ్చినప్పుడు ఈ మాట గుర్తు పెట్టుకోండి.

మఠాలను ఎందుకు మూయించాడు?

డబ్బు కోసం. సన్యాసులు దారి తప్పారన్న ఫిర్యాదులు ఉన్నాయి, కొన్నిచోట్ల నిజమే అయి ఉండొచ్చు. కానీ ముందు జరిగింది ఆస్తుల లెక్క. 1535లో రాజు మనుషులు దేశమంతా తిరిగి ఏ మఠానికి ఎంత రాబడి ఉందో రాసుకొచ్చారు. మరుసటి ఏడాది చట్టం ఏటా 200 పౌండ్ల లోపు రాబడి ఉన్న మఠాలను ముందు మూసేసింది. పెద్దవి తర్వాత ఒక్కొక్కటే "స్వచ్ఛందంగా" లొంగిపోయాయి. గ్లాస్టన్‌బరీ మఠాధిపతి రిచర్డ్ వైటింగ్ లొంగలేదు. ముసలాయనను 1539 నవంబరులో ఊరి పక్క గుట్ట మీదికి తీసుకెళ్లి ఉరి తీశారు. 1540 మార్చిలో వాల్తమ్ అబ్బే మూతతో దాదాపు 800 మఠాల చరిత్ర నాలుగేళ్లలో ముగిసింది. పైకప్పు సీసం కరిగించి అమ్మారు, గంటలు కరిగించారు, రాళ్లు చుట్టుపక్కల వాళ్లు ఇళ్లకు మోసుకుపోయారు. యార్క్‌షైర్‌లో ఫౌంటెన్స్ అబ్బే దగ్గర కప్పు లేని ఆ గోడల ఫోటోలు చూసినా మనసు కలుక్కుమంటుంది.

ఆ భూములు రాజు దగ్గర నిలవలేదు. ఫ్రాన్స్‌తో యుద్ధాలకు డబ్బు కావాలి కాబట్టి చాలావరకు అమ్మేశాడు. కొన్నవాళ్లు జమీందార్లు, వ్యాపారులు, ఆస్థానంలోని పెద్దలు. వాళ్లలో క్యాథలిక్కులూ ఉన్నారు. అయినా ఒకసారి మఠం పొలం దున్నుకున్నాక, పోప్ పెత్తనం తిరిగి రావడం ఎవరికి ఇష్టం? మతం మార్పును నిలబెట్టిన వాటిలో ఉపదేశాల కంటే ఈ భూమి పత్రాలకే ఎక్కువ బలం ఉందని నా అభిప్రాయం.

జనం ఎదురు తిరగలేదా?

తిరిగారు, చాలా పెద్ద ఎత్తున. 1536 అక్టోబరులో లింకన్‌షైర్‌లోని లౌత్ ఊళ్లో మొదలైన అలజడి యార్క్‌షైర్‌కు పాకింది. రాబర్ట్ ఆస్క్ అనే లాయర్ నాయకుడయ్యాడు. క్రీస్తు ఐదు గాయాల బొమ్మ ఉన్న జెండాలు పట్టుకుని దాదాపు 30,000 మంది కదిలారు. రాజు సైన్యం వాళ్ల ముందు చిన్నది. అందుకని యుద్ధం చేయకుండా మాటలు చెప్పారు. అందరికీ క్షమాభిక్ష, ఉత్తరాదిలో పార్లమెంటు అన్నారు. ఆస్క్ నమ్మి జనాన్ని ఇళ్లకు పంపేశాడు. హెన్రీ ఆ క్రిస్మస్‌కు అతన్ని ఆస్థానానికి పిలిపించి మర్యాద చేశాడు. 1537లో మరో చిన్న తిరుగుబాటు సాకు దొరకగానే ఆస్క్‌ను యార్క్‌లో గొలుసులతో వేలాడదీశారు.

హెన్రీ ప్రొటెస్టెంట్ అయ్యాడా?

కాలేదు. పోప్‌ను వదిలాడు గానీ క్యాథలిక్ నమ్మకాలు చాలావరకు వదలలేదు. ప్రతి చర్చిలో ఇంగ్లిష్ బైబిలు పెట్టమన్నాడు, బెకెట్ సమాధిని 1538లో పగలగొట్టించాడు. మరుసటి ఏడాదే చట్టం చేసి, దివ్యపూజలో రొట్టె నిజంగా క్రీస్తు శరీరమవుతుందని కాదన్నవారిని కాల్చమన్నాడు, మతగురువులు పెళ్లి చేసుకోకూడదన్నాడు. 1540 జులై 30న లండన్ స్మిత్‌ఫీల్డ్‌లో ముగ్గురు ప్రొటెస్టెంట్లను మతద్రోహం కింద సజీవంగా కాల్చారు. అదే రోజు, అదే చోట, పోప్ పక్షం వహించిన ముగ్గురు క్యాథలిక్కులను రాజద్రోహం కింద చంపారు. హెన్రీ మతం ఏమిటని అడిగితే నేను ఈ ఒక్క రోజు గురించి చెబుతాను. రాజు గీసిన గీతకు ఇటు ఉన్నా చావే, అటు ఉన్నా చావే.

ఊళ్లలో మామూలు మనుషులకు ఇవన్నీ ఎలా తగిలాయి?

డెవన్ కొండల అంచున మోర్‌బాత్ అనే చిన్న పల్లె ఉంది. అప్పట్లో ముప్పై చిల్లర కుటుంబాలు, గొర్రెలే జీవనాధారం. 1520లో క్రిస్టఫర్ ట్రైకే అనే ఆయన అక్కడికి ఫాదర్‌గా వచ్చి, 1574లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. నలుగురు పాలకులు మారారు, మతం నాలుగుసార్లు అటూ ఇటూ అయింది, ఆయన కదల్లేదు. ఆయన రాసిన చర్చి జమాఖర్చుల పుస్తకం మనకు మిగిలింది.

ఆ లెక్కల్లో పునీతుల పేరు మీద గొర్రెలు ఉంటాయి. ఒక గొర్రె మరియమాతది, ఒకటి సిడ్వెల్ అనే పునీతురాలిది. ఉన్ని అమ్మగా వచ్చిన పైసలతో కొవ్వొత్తులు, దీపాలు. చనిపోయినవారి పూజలకు నల్ల వస్త్రాలు కావాలని ఆ ఊరు ఇరవై ఏళ్లు చిల్లర కూడబెట్టింది. 1547లో ఎట్టకేలకు అవి వచ్చాయి. సరిగ్గా అదే ఏడాది హెన్రీ కొడుకు, తొమ్మిదేళ్ల ఆరవ ఎడ్వర్డ్ రాజయ్యాడు, అతని పెద్దలు చనిపోయినవారి కోసం చేసే పూజలనే రద్దు చేశారు. ఇరవై ఏళ్ల ఆశ ముడత విప్పకుండానే పక్కకు పోయింది.

ఎడ్వర్డ్ కాలంలో బొమ్మలు పోయాయి, దీపాలు ఆరాయి, గొర్రెలు అమ్మేయాల్సి వచ్చింది. 1549లో లాటిన్ పూజ తీసేసి ఇంగ్లిష్ ప్రార్థనల పుస్తకం పెట్టారు. డెవన్, కార్న్‌వాల్ జనం తిరగబడ్డారు. మోర్‌బాత్ కూడా ఐదుగురు కుర్రవాళ్లను ఎక్సెటర్ దగ్గర తిరుగుబాటుదారుల శిబిరానికి పంపింది. వాళ్లకు ఇచ్చిన కత్తులు, విల్లుల ఖర్చు ఫాదర్ మిగతా ఖర్చులతో పాటే లెక్కల్లో రాశాడు. ఆ తిరుగుబాటును సైన్యం వేలమందిని చంపి అణచింది. క్యాథరీన్ కూతురు మేరీ రాణిగా వచ్చి పాత మతం తిరిగి తెచ్చినప్పుడు, ఊళ్లో వాళ్లు ఇళ్లలో దాచిపెట్టిన పూజ సామాను ఒక్కొక్కటే తీసుకొచ్చి ఇచ్చారు. ఎలిజబెత్ వచ్చాక మళ్లీ అన్నీ తీసేశారు. ఆ ఫాదరే, అదే చర్చిలో, ఈసారి ఇంగ్లిష్‌లో ప్రార్థనలు చదివాడు.

ఆయనను పిరికివాడనుకోవాలా? నేనలా అనుకోను. తన ముప్పై ఇళ్ల జనాన్ని వదిలి ఎక్కడికి పోతాడు?

మేరీని "రక్తపు మేరీ" అనడం న్యాయమేనా?

1555 నుంచి 1558 మధ్య మేరీ పాలనలో దాదాపు 280 మంది ప్రొటెస్టెంట్లను సజీవంగా కాల్చారు. బిషప్‌లే కాదు, నేతపనివాళ్లు, పల్లెటూరి ఆడవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. క్రాన్మర్ ప్రాణభయంతో తన నమ్మకం తప్పని సంతకాలు పెట్టాడు. 1556 మార్చి 21న ఆక్స్‌ఫర్డ్‌లో మంట దగ్గరికి వచ్చాక అవన్నీ అబద్ధమని, ఆ సంతకం పెట్టిన కుడి చేతిని ముందు మంటలో పెట్టాడు. ఇది మరిచిపోదగ్గ విషయం కాదు.

కానీ తండ్రీ తక్కువ చంపలేదు, చెల్లెలూ వదల్లేదు. తర్వాత చరిత్ర రాసింది గెలిచిన ప్రొటెస్టెంట్లు కాబట్టి ఆ పేరు మేరీకే అంటుకుంది. మేరీ మొదటిసారి సొంత హక్కుతో ఇంగ్లండ్‌ను నిజంగా పాలించిన స్త్రీ. తనకు బదులు బంధువు జేన్ గ్రేను రాణిగా నిలబెట్టినవాళ్లను తొమ్మిది రోజుల్లో దించి, జనం మద్దతుతో లండన్‌లో అడుగుపెట్టింది. 1554లో దేశాన్ని మళ్లీ పోప్‌తో కలిపింది కూడా, కానీ పార్లమెంటు ఒక్క షరతు మీద ఒప్పుకుంది. మఠాల భూములు కొన్నవాళ్ల దగ్గరే ఉండాలి. పోప్ కూడా తల ఊపాల్సి వచ్చింది.

ఎలిజబెత్ ఈ గొడవను ఎలా సర్దింది?

పూర్తిగా సర్దలేదు, మనుషులు కలిసి బతకగలిగేంత సర్దింది. 1559లో రెండు చట్టాలు వచ్చాయి. "శిరస్సు" అన్న మాటను "సర్వోన్నత పాలకురాలు" అని మార్చారు, చర్చికి ఆడది తల ఎలా అవుతుందని అడిగేవాళ్ల కోసం. ప్రార్థనల పుస్తకం ఇంగ్లిష్‌లోనే, కానీ ప్రభువు భోజనం దగ్గర చదివే మాటలను ఎవరి నమ్మకానికి తగ్గట్టు వాళ్లు అర్థం చేసుకునేలా కూర్చారు. ఈ చట్టం ప్రభువుల సభలో మూడంటే మూడు ఓట్లతో గట్టెక్కింది. ఆదివారం చర్చికి రాకపోతే 12 పెన్నీల జరిమానా.

1570లో ఐదవ పయస్ పోప్ ఆమెను వెలివేసి, ప్రజలు ఆమె మాట వినక్కర్లేదన్నాడు. అప్పటి నుంచి ఇంగ్లండ్‌లో క్యాథలిక్ అంటే దేశద్రోహి అన్న అనుమానం వచ్చేసింది. 1581లో చర్చికి రానివాళ్ల జరిమానా నెలకు 20 పౌండ్లయింది. వందకు పైగా క్యాథలిక్ ఫాదర్లను ఉరితీశారు. యార్క్‌లో ఒక కసాయి భార్య మార్గరెట్ క్లిథరో ఫాదర్లను ఇంట్లో దాచింది. కోర్టులో నేరం ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు, ఎందుకంటే విచారణ జరిగితే తన పిల్లల చేతే సాక్ష్యం చెప్పిస్తారు. 1586 మార్చి 25న ఆమె మీద బండలు పేర్చి చంపారు. ఎలిజబెత్ స్వర్ణయుగం గురించి చెప్పేటప్పుడు ఈ పేరు కూడా చెప్పాలి.

రాజు తల తీసేంత వరకూ ఎలా వెళ్లింది?

ఎలిజబెత్ తర్వాత వచ్చిన జేమ్స్ రాజు 1604లో "బిషప్ లేకపోతే రాజూ లేడు" అన్నాడు. చర్చిని ఇంకా శుద్ధి చేయాలన్న ప్యూరిటన్లు బిషప్‌లను తీసేస్తే తర్వాత తన మీదికే వస్తారని అతని లెక్క. అది తప్పు కాదని కొడుకు మొదటి చార్లెస్ కాలంలో తేలింది. 1637లో స్కాట్లండ్ మీద కొత్త ప్రార్థనల పుస్తకం రుద్దితే ఎడిన్‌బరో చర్చిలో జనం స్టూళ్లు విసిరారు. దాని వెనక యుద్ధం వచ్చింది. యుద్ధానికి డబ్బు కావాలి, పన్నుకు పార్లమెంటు కావాలి. పదకొండేళ్లుగా పిలవని పార్లమెంటును 1640లో పిలవక తప్పలేదు. రెండేళ్లలో అంతర్యుద్ధం. 1649 జనవరి 30న లండన్‌లో చార్లెస్ తల నరికారు. చలికి వణికితే భయమనుకుంటారని ఆ ఉదయం అతను రెండు చొక్కాలు తొడుక్కున్నాడు.

1660లో రాజరికం తిరిగి వచ్చింది, బిషప్‌లూ తిరిగి వచ్చారు. కొత్త చట్టానికి లొంగని దాదాపు 2,000 మంది మతగురువులు పదవులు పోగొట్టుకున్నారు.

1688లో అసలేం జరిగింది?

రెండవ జేమ్స్ బహిరంగంగా క్యాథలిక్. చట్టాలను పక్కనపెట్టి మతస్వేచ్ఛ ప్రకటన ఇచ్చి, దాన్ని చర్చిల్లో చదవమన్నాడు. వద్దని అర్జీ పెట్టిన ఏడుగురు బిషప్‌లను కోర్టుకీడ్చాడు. అదే సమయంలో, జూన్ 10న, అతనికి కొడుకు పుట్టాడు. అంటే ఇక క్యాథలిక్ వంశమే. జూన్ 30న జ్యూరీ బిషప్‌లను నిర్దోషులంది. అదే రోజు ఏడుగురు ప్రముఖులు హాలండ్‌లోని విలియంకు రమ్మని ఉత్తరం రాశారు. విలియం జేమ్స్‌కు అల్లుడు. నవంబరు 5న సైన్యంతో దిగాడు, జేమ్స్ ఫ్రాన్స్‌కు పారిపోయాడు.

హెన్రీ కాలం నాటి పనిముట్టు ఇప్పుడు తిరగబడింది. క్యాథలిక్ గానీ, క్యాథలిక్‌ను పెళ్లి చేసుకున్నవారు గానీ సింహాసనం ఎక్కకూడదని 1689లో పార్లమెంటు రాసింది. 1701 చట్టం ఇంకా ముందుకెళ్లి, రక్తసంబంధంలో ముందున్న యాభై మందికి పైగా క్యాథలిక్కులను దాటేసి, జర్మనీలోని హానోవర్ వంశానికి వారసత్వం ఇచ్చింది. 1714లో మొదటి జార్జ్ అలా వచ్చాడు. ఒకప్పుడు రాజు దేశానికి మతాన్ని ఎంచితే, ఇప్పుడు దేశం మతాన్ని బట్టి రాజును ఎంచింది.

ఇవన్నీ ఇప్పుడూ అమల్లో ఉన్నాయా?

చాలావరకు ఉన్నాయి. రాజు ఇంగ్లండ్ చర్చికి సర్వోన్నత పాలకుడే. 26 మంది బిషప్‌లు ప్రభువుల సభలో కూర్చుంటారు. క్యాథలిక్‌ను పెళ్లాడితే హక్కు పోతుందన్న నిబంధన 2013 చట్టంతో తొలగింది, 2015లో అమల్లోకి వచ్చింది. రాజు మాత్రం ఇప్పటికీ క్యాథలిక్ కాకూడదు. 2023 మే 6న మూడవ చార్లెస్ పట్టాభిషేకంలో తైలాభిషేకం పాత పద్ధతిలోనే, తెర చాటున జరిగింది. ఆ వేడుకలో బైబిలు పాఠం చదివింది హిందువైన అప్పటి ప్రధాని రిషి సునాక్.

మన ఊళ్లలోని సీఎస్ఐ చర్చికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది, కొంతవరకు. సీఎస్ఐలో (దక్షిణ ఇండియా సంఘం) కలిసిన పాయల్లో ఒకటి ఈ ఇంగ్లండ్ చర్చి. మెథడిస్టులు, ఇతర సంఘాలు మిగతా పాయలు. మెదక్ కేథడ్రల్ కట్టించింది మెథడిస్టు మిషనరీలు, డోర్నకల్ ఆంగ్లికన్లది, అంటే ఇంగ్లండ్ చర్చి వాళ్లది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వి.ఎస్. అజరయ్యకు బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ చర్చిలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకుని, డోర్నకల్ కేంద్రంగా పల్లెపల్లె తిరిగి పనిచేశాడు.

అయితే అప్పటికి భారతదేశంలోని ఆంగ్లికన్ చర్చి చట్టరీత్యా ఇంగ్లండ్ చర్చిలో భాగమే. 1534లో రాజుకు దక్కిన ఆ అధికారపు దారం సముద్రాలు దాటి ఇక్కడి బిషప్‌ల దాకా వచ్చింది. దాన్ని తెంపడానికి కూడా మళ్లీ లండన్ పార్లమెంటే 1927లో ఒక చట్టం చేయాల్సి వచ్చింది. 1930 మార్చి 1న ఇక్కడి చర్చి విడివడింది. 1947 సెప్టెంబరు 27న, స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. దానికి అధిపతిగా ఏ రాజూ లేడు.